ముడి ఉన్న పురికొస... నాన్న లారీకి ఫ్యాన్ బెల్టు

మా చిన్నప్పుడు... మిరప కోతలు ఇంకో వారంలో మొదలవుతాయనగా మా నాన్న లారీ బానెట్ ఎత్తుకుని వాకిట్లో నిలబడిపోయింది. పాత ఇంజను పని అయిపోయింది. గుంటూరు పాత సామాన్ల కొట్లలో వేరే లారీ ఇంజను కొని, దాని చోట దించారు. అప్పుడు నేను నాలుగో తరగతి... మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు.

ఇంజను కుదురుగానే కూర్చుంది. తంటా అంతా దాని ముందు భాగంతోనే. ఫ్యాను, నీళ్ల పంపు, బ్యాటరీకి కరెంటిచ్చే డైనమో... మూడూ ఒకే బెల్టు మీద తిరగాలి. డైనమోని పట్టి ఉంచే బ్రాకెట్లు రెండు గోనెపట్టా మీద పెట్టారు. ఒకటి మా పాత ఇంజనుది, రెండోది గుంటూరు నుంచి తెచ్చింది.

"పాతదే వెయ్యి మస్తానూ, పదేళ్లు మోసింది" అన్నాడు నాన్న.

"మోసింది పాత ఇంజన్ని అన్నా! దీనికీ కుదరాలిగా? దారం పట్టి చూద్దాం" అన్నాడు మస్తాన్ మామయ్య. మా వీధి చివరి మెకానిక్కు ఆయన. నాన్న బండి మీద ఇంకొకరు చెయ్యి వేసింది లేదు.

దారం అంటే మిర్చి గోతాలు కుట్టే పురికొసే. బెల్టు తిరిగే చక్రాల్లో కిందిది, అంటే కింది పుల్లీకి ఆనించి డైనమో పుల్లీ దాకా బిగలాగితే రెండింటికీ సమంగా ఆనాలి. లేకపోతే బెల్టు పక్కకి లాగి తెగిపోతుంది.

పాత బ్రాకెట్ బిగించి, కింది కొస నా చేతికిచ్చారు. అప్పుడు చూశాను... నా వేళ్ల దగ్గర పురికొసకి ఒక ముడి. సరిగ్గా పుల్లీ అంచు మీద కూర్చుని దారాన్ని ముందుకి నెడుతోంది. ఆ ముడి వల్లే పైన సమంగా ఆనినట్టు కనిపిస్తోంది.

"ఆనిందా అమ్మా?" అన్నాడు మామయ్య.

చుట్టూ ఐదారుగురు రైతులు, మా లారీ ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నారు. అంతమందిలో నోరు పెగల్లేదు... తలూపాను.

"చూశావా, నేను చెప్పలా!" అని నాన్న ఒకటే సంబరం.

తొలి కోత మిర్చి బస్తాలు, మా వైపు టిక్కీలంటారు, ఎత్తుకుని నాన్న గుంటూరు బయల్దేరాడు. ప్రత్తిపాడు దాటకముందే బెల్టు తెగింది. ఇంజను కుతకుత ఉడికి లారీ రోడ్డు పక్కన ఆగిపోయింది. మిర్చి యార్డుకి ఆలస్యమవుతుందని వెంట వచ్చిన రైతు అక్కడికక్కడే సరుకు వేరే లారీలోకి మార్చుకున్నాడు.

సాయంత్రం నాన్న తెగిన బెల్టు తెచ్చి మామయ్య ముందు పడేశాడు. "కళ్లు ఎక్కడ పెట్టుకుని చూశావురా? ఇక నా బండి ముట్టుకోవద్దు!"

"నా లెక్కే తప్పిందేమో అన్నా..." అంటూ మామయ్య స్పానర్లు సంచిలో వేసుకోసాగాడు.

అది చూడలేకపోయాను. పురికొస తెచ్చి నాన్న చేతిలో పెట్టాను.

"ముడి ఉంది నాన్నా... నేను చూశా... చెప్పలా."

నాన్న ఆ ముడిని వేళ్లతో నలిపి చూశాడు. వెళ్లి మామయ్య చేతిలోని సంచి తీసి కింద పెట్టాడు. "ఏరా, టీ తాగుదామా?" అన్నాడు... అంతే.

"టీ తర్వాత. ఆ రెండో బ్రాకెట్ ఇటివ్వు. అమ్మాయీ, ఈసారి తలూపితే కుదరదు. వీధి చివరిదాకా వినపడేలా చెప్పాలి!" అన్నాడు మామయ్య.

రెండో బ్రాకెట్టే సరిపోయింది. బెల్టు సీజనంతా నిలిచింది. ఆ రైతు మాత్రం ఆ ఏడు మళ్లీ మా లారీని పిలవలేదు.

ఇప్పుడు మా ఆయన ట్రాక్టరుకి ఏం కావాలన్నా ఫోన్లో పార్టు నంబరు చూసి తెప్పిస్తారు. వచ్చింది వచ్చినట్టు సరిపోతుంది. వాకిట్లో వాదులాటల్లేవు, బండి చుట్టూ జనమూ లేరు... మామయ్య ఆ సాయంత్రం అలాగే వెళ్లిపోయి ఉంటే, వాళ్లిద్దరూ జన్మలో మాట్లాడుకునేవాళ్లు కాదేమో.

చెప్పడానికి ఆలస్యమైన మాట మీకూ ఒకటి ఉంటే కింద కామెంట్లో రాయండి... ఇక్కడ ఒకరి ముఖం ఒకరికి కనపడదు కదా, నేనూ అందుకే రాయగలిగాను.