మనోళ్ళ కంపెనీ

ఇవాళ కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడలున్న చోట డెబ్బైల్లో రాళ్ళగుట్టలుండేవి. వాటికి ఇవతల బోరబండలో మేము రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. అన్న, వదిన, నేను. అన్న ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను పత్రికలో సబ్ ఎడిటర్ని.

అన్న వీపు మీద స్పర్శ లేని మచ్చ ఒకటి లేచింది. కుష్ఠు అన్నాడు ఫ్యాక్టరీ దవాఖానా డాక్టరు. మొదట్లోనే తెలిసింది కాబట్టి మాత్రలు మానకుండా వాడితే నయమవుతుందని ధైర్యం చెప్పాడు. ఆ సంగతి డాక్టరుకూ మా ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే మమ్మల్ని ఇంట్లో ఉండనివ్వరు.

అంతలో యాజమాన్యం దవాఖానా లెక్కలు కంప్యూటరుకు ఎక్కించాలనుకుంది. ఎవరికి ఏ జబ్బు, ఏ మందు అన్నది అట్టముక్కల మీద చిల్లులుగా కొట్టి యంత్రంలో వేస్తారట. ఆ పని బయటి కంపెనీకి ఇవ్వాలి. రెండు ముందుకొచ్చాయి. బొంబాయి కంపెనీ మనుషుల పేర్లు అక్కర్లేదు, నంబర్లు చాలంది. ఊళ్ళోని కంపెనీ పేర్లతో సహా అడిగింది. అక్కడ పనిచేసేవాళ్ళంతా ఇక్కడి పిల్లలే. కంప్యూటరంటే ఉద్యోగాలు పోతాయని కార్మికులు గొడవ చేస్తారేమోనని, ఎవరికివ్వాలో యూనియన్‌నే తేల్చమన్నారు.

"పేర్లడగని కంపెనీయే మంచిది కదా" అన్నాను అన్నతో.

"బొంబాయోడు మన ముచ్చట ఎవనికి చెప్తడో ఎవనికెరుక తమ్మీ? మనోళ్ళైతే కడుపుల దాసుకుంటరు."

గేటు దగ్గర మీటింగులోనూ అదే మాట నడిచింది. "నంబరేసి పిలిపించుకోనీకి మనమేమన్న జైల్ల ఉన్నమా?" అన్నాడొక వెల్డరు. అందరూ నవ్వారు. ఊళ్ళోని కంపెనీకే చేతులెత్తారు. అన్న అందరికంటే ముందే ఎత్తాడట.

ఆ కంపెనీలో చిల్లులు కొట్టే అమ్మాయిల్లో మా ఇంటి ఓనరమ్మ చెల్లెలి కూతురు ఉంది. అన్న పేరూ ఇంటిపేరూ చూసి గుర్తుపట్టింది. ఆమెకు మా మీద కక్షేమీ లేదు. పెద్దమ్మ ఇంట్లో పసిపిల్లలున్నారని భయపడి చెప్పింది.

ఎప్పుడొచ్చినా నేరుగా వంటింట్లోకి నడిచే ఓనరమ్మ, ఆ ఆదివారం గడప బయటే నిలబడింది.

"బిడ్డా, నేనెవ్వరికి చెప్పలే. ఫికర్ చెయ్యకు. ఇగ జర వేరే ఇల్లు చూసుకోండ్రి."

"గిట్లంటవేంది పెద్దమ్మా? ఏమైంది?" అంది వదిన.

"నీకెర్కలేదా ఏంది?"

మర్నాడు నల్లా దగ్గర మా బిందెను ఎవరో కట్టెతో పక్కకు నెట్టారు.

ఇల్లు మారాం. ఫ్యాక్టరీలో ఎవరూ ఏమీ అనలేదు కానీ అన్న దవాఖానాకు వెళ్ళడం మానేశాడు. "పోతే మల్ల ఆ చిల్లుల కార్డు మీద పేరెక్కుతది" అన్నాడు. సర్కారు దవాఖానాకు వెళ్దామంటే, "ఆడ పేరు రాసుకోరా?" అన్నాడు. మాత్రలు నేను కొనుక్కొస్తానన్నాను. "దుకాణపోడు ఎవరికని అడుగుతడు" అన్నాడు. వదిన ఏడ్చి అడిగినా వినలేదు.

కొన్నేళ్ళకు కుడిచేతి వేళ్ళు వంకరపోయాయి. పానా పట్టుకుంటే జారేది. పొద్దున వదిన చొక్కా గుండీలు పెడుతుంటే గోడవైపు చూస్తూ నిలబడేవాడు. ఎవరైనా అడిగితే చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడని చెప్పమన్నాడు. మేమిద్దరం అలాగే చెప్పేవాళ్ళం.