ఒట్టు పెట్టని అవ్వ

నిన్న శామీర్‌పేటలో ఒక ప్లాటు బేరం చేతులారా పోగొట్టుకున్నాను. హద్దు తగాదాలేమీ లేవని ఎంత చెప్పినా వినక, కొనడానికి వచ్చినతను నా పక్కన నిలబడ్డ మనవరాలిని చూపించి, 'బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పు కాకా, సాలు' అన్నాడు. నేను చెప్పేది నిజమే, అయినా సగం దాకా లేచిన చెయ్యి ఆగిపోయింది. అవునంటే అవునే అన్నాను. అతను నన్నొకసారి ఎగాదిగా చూసి కారెక్కాడు. 'ఏంది నాయినా, నిజమే గదా, ఒట్టేస్తే ఏం పోతుండె?' అని మావాడు దారి పొడుగునా సతాయించాడు. నా మతం ఒప్పుకోదందామంటే, నేను చర్చి గడప తొక్కినవాణ్ణి కాను, దేవరయాంజాల్ రాములవారికి కొబ్బరికాయలు కొట్టేవాణ్ణి.

ఈ రోగం నాకు అంటించింది మా పొలంలో నాట్లు వేసిన కిరస్తానీ అవ్వ. మేడ్చల్ దగ్గర మా ఊళ్లో, నాకు అప్పుడప్పుడే మీసాలు వస్తున్న రోజుల్లో, నాయినకూ పెద్దనాయినకూ బావి దగ్గర గెట్టు పంచాయితీ వచ్చింది. హద్దురాయి ఎవరు పీకేశారో తెలియదు. బావి ఎవరికి పడితే వాళ్లకు వరి, రెండోవాళ్లకు బీడు. ఇద్దరి మళ్లలోనూ ఏళ్ల తరబడి నాట్లేసింది గనుక అవ్వను పిలిచారు. బురద కాళ్లతోనే వచ్చి, రాయి ఉండిన జాగా చూపించి, బావి మా వైపేనంది. హమ్మయ్య అనుకున్నాను.

మన ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో ఒట్టు లేని సాక్ష్యం చెల్లదు. మావాళ్లు కర్పూరం ఆర్పేవారు, సాయిబులు ఖురాను ముట్టేవారు. పెద్దనాయిన ఆమె బైబిలే తెప్పించి ముందు పెట్టాడు. ఆమె ముట్టలేదు. 'ఒట్టు వెట్టుకోవద్దనే ఈ పుస్తకంల రాసుందట పటేలా. అవునంటే అవునే' అంది. చదువు రాని మనిషి, పాస్టరు చదివితే విన్నదే.

తన దేవుడి పుస్తకం ముట్టడానికే జంకిందంటే అబద్ధమేనని పెద్దమనుషులు తేల్చేశారు, బావి పెద్దనాయినకు పోయింది. మూడు రోజులు అన్నం ముట్టని నాయిన, మళ్లీ మా పొలంలో కాలు పెట్టవద్దని ఆమెను తిట్టి పంపాడు. నేనూ ఎదురైతే మొహం తిప్పుకున్నాను, నా మొహం మండ.

నాకు ఇప్పటికీ బుర్ర తిరిగేది ఇక్కడే. ఏడాది తిరగకుండానే ఆ పెద్దనాయిన తన వడ్ల కొట్టు తాళంచెవి ఆమె చేతికిచ్చాడు. ఎందుకని ఎవరో అడిగితే, 'గామె అబద్ధమాడదు' అన్నాడు! మా నాయినేమో ఆ తర్వాత ఏ పంచాయితీకి పెద్దమనిషిగా పోయినా ఎవరిచేతా ఒట్టు వేయించలేదు, కానీ అవ్వతో మాత్రం పోయేదాకా మాట్లాడలేదు. అది కోపమో, సిగ్గో.

ఆ బావిని పూడ్చి వెంచరువాళ్లు గేటు పెట్టారు. హద్దులు సెల్‌ఫోనులోనే చూసుకుంటున్నారు, అయినా ఒట్టు మాత్రం అడుగుతున్నారు. అవ్వది భక్తో మొండితనమో నాకు తెలియదు, నిన్న నేను చేసిందేమిటో అసలే తెలియదు. ఒక్కటి తెలుసు. ఆ రోజు అక్కడ కూర్చున్న మేమందరం ఆమె మాట నమ్మాం. నమ్మామని ఒక్కరమూ నోరు తెరవలేదు.