వదులు మాస్టారి మనవడి సీటు

మా బావని బజార్లో అందరూ వదులు మాస్టారు అంటారు. ఆయన టైలరు. ప్యాంట్లూ, పిల్లల బట్టలూ కుడతాడు. ఏ పిల్లవాడికీ ఇవాళ్టి కొలతకి బట్ట కుట్టిన పాపాన పోలేదు. అందరికీ వచ్చే ఏడాది కొలతే. "ఎదిగే పిల్లలండీ" అంటూ కాళ్ళ దగ్గర ఇంత గుడ్డ లోపలికి మడుస్తాడు, నడుము దగ్గర ఇంకో మడత వేస్తాడు. ఆ పిల్లలు బడికి వెళ్తుంటే లోపల మనిషి లేకుండా బట్టలే నడిచిపోతున్నట్టు ఉంటుంది. నేను ఎదగడం మానేసి చాలా కాలమైంది. అయినా నా ప్యాంటుకీ ఆ మడత తప్పలేదు. ఇదేమిటి బావా అంటే, "ఒళ్ళు చేస్తావులేరా" అన్నాడు. చేశాననుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషికి పొడుగు మనవడు పుట్టాడు. మా రెండు కుటుంబాల్లోనూ అటక మీద డబ్బా కావాలంటే స్టూలు వేసుకోవాల్సిన వాళ్ళమే అందరం. పొడుగంతా అల్లుడిది. ఆ మాట మా బావ ముందు అనకూడదు. "మా వైపు పోలిక" అని గోడ మీద ఫోటో చూపిస్తాడు. అందులో వాళ్ళ తాతగారు కుర్చీలో కూర్చుని ఉంటాడు. కూర్చున్న మనిషి పొడుగు ఎవడికి తెలుస్తుంది?

బావ కూతురు, అంటే మా మేనకోడలికి, పురిటి సెలవు అయిపోయి మళ్ళీ ఉద్యోగంలో చేరాల్సిన రోజు వచ్చింది. అల్లుడు తెల్లారకముందే ఫ్యాక్టరీ షిఫ్టుకి వెళ్ళిపోతాడు. పిల్లవాడిని పగలంతా చూసుకునే క్రెష్ ఊరికి ఆ చివర ఉంది. రోజూ కార్లో వాడిని దింపి వచ్చే పని తనదేనని మా బావ ప్రకటించేశాడు. బట్టలు కుట్టించుకునే వాళ్ళకే కాదు, దారి అడగడానికి కొట్టు ముందు ఆగినవాళ్ళకి కూడా చెప్పాడు. మేనకోడలు మాత్రం ఒక షరతు పెట్టింది. పిల్లవాడు కార్లో బిగించే పిల్లల సీటులోనే, అదీ కారు వెనక వైపుకి మొహం పెట్టి కూర్చునే దాంట్లోనే వెళ్ళాలి, దాని పట్టీలు సరిగ్గా కట్టాలి. లేకపోతే తన కారు తాళం ఇవ్వదు.

సీటు కొనడానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. పెట్టె మొయ్యడానికని వేరే చెప్పాలా. కొట్లో అడుగుపెట్టగానే మా బావ మెడలోంచి టేపు తీసి మనవడి కాలు కొలిచాడు. తొడ దగ్గర నుంచి మడమ దాకా లాగి, ప్యాంటు కొలత తీసినట్టే తీసి, గెలిచిన మొహం పెట్టాడు.

"చూశావా అమ్మా ఈ కాళ్ళు? వెనక్కి తిప్పి కూర్చోబెడితే ఇవి ఎక్కడ పెట్టుకుంటాడు? నా మనవడిని మడతపెట్టమంటావా?"

కొట్టు అమ్మాయికి ఫోను మీద ధ్యాస. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "కాళ్ళు మడుచుకుంటారు అంకుల్. పిల్లలకి అదేం నొప్పి కాదు. తల ఈ పై అంచు దాటకుండా ఉంటే చాలు. పొడుగు బాబైతే వీపు ఎత్తున్న సీటు తీసుకోండి."

మా బావకి ఆ మాట చెవికెక్కలేదు. ఆయన కళ్ళు మూలనున్న భారీ సీటు మీద పడ్డాయి. అది ముందుకి తిరిగి ఉండేది, బడికెళ్ళే పిల్లల కోసం చేసింది. వద్దంటున్నా వినకుండా మనవడిని అందులో కూర్చోబెట్టాడు. వాడు మెల్లగా కిందికి జారి, పట్టీల మధ్య నుంచి కళ్ళు మాత్రమే కనిపించేలా ఆగాడు.

"ఎదిగితే సరిపోతుంది" అన్నాడు మా బావ, ఎంతో తృప్తిగా.

"నాన్నా, వాడు ఎక్కేది ఈ సోమవారమే" అంది మేనకోడలు. "మెడ ఇంకా గట్టిపడలేదు. ముందుకి తిప్పితే, బ్రేకు వేసినప్పుడు తల విసురుగా ముందుకి పోతుంది. వెనక్కి తిరిగి ఉంటే తలనీ వీపునీ సీటే కాస్తుంది."

"నేను బ్రేకే వెయ్యను."

"బ్రేకు వెయ్యని డ్రైవరు చేతిలో నా కొడుకుని పెట్టమంటావా?"

అసలు బాధ అప్పుడు బయటపడింది. "అది కాదే, వెనక్కి తిప్పితే వాడి మొహం ఎవరికి కనిపిస్తుంది? బజారు వాళ్ళందరికీ చూపిస్తానని చెప్పాను." నాకు నవ్వాగలేదు. మేనకోడలు నవ్వలేదు. వీపు ఎత్తున్న సీటు తీయించి కొడుకుని కూర్చోబెట్టింది. తల అంచుకి కిందే ఉంది. వాడు ఆ ఘనత వహించిన కాళ్ళు రెండూ మడుచుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని హాయిగా చప్పరించాడు. మా బావ ఇంటికి వచ్చేదాకా మూతి ముడుచుకునే కూర్చున్నాడు. పెట్టె నేనే మోశాను.

ఆదివారం సీటు బిగించారు. పట్టీలు ఎంత గట్టిగా లాగాలో కూతురు తండ్రికి నేర్పింది. భుజం దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లితే మడత రాకూడదు. వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. మడతలు వెయ్యడమే వృత్తిగా బతికిన మనిషికి అది ఎంత కష్టమో చూడాలి. "చంకలో పట్టేస్తోందే" అని పదిసార్లు అన్నాడు. బట్టలు కుట్టేవాళ్ళకి ఆ మాట పెద్ద తిట్టు.

సోమవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకులా ముందే తయారయ్యాడు. మేనకోడలు కొడుకుని కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, గిల్లి చూసి, తాళం తండ్రి చేతికిచ్చి, బ్యాగు కోసం లోపలికి వెళ్ళింది. ఆమె గుమ్మం దాటిందో లేదో మా బావ సీటు మీదికి వంగాడు. మీట నొక్కి పట్టీలు కొంచెం వదిలాడు. "ఊపిరాడొద్దూ వాడికి" అని నాకేసి కన్ను గీటాడు.

నేను నోరు తెరిచేలోగానే మేనకోడలు బయటికొచ్చింది. కొడుకుని ముద్దు పెట్టుకోబోతుంటే వేళ్ళకి పట్టీ తగిలింది. గిల్లింది. ఇంత మడత లేచింది.

"ఎవరు వదులు చేశారు?"

మా బావ నా వైపు చూశాడు. నా వైపు ఎందుకో!

"కొంచెమేనే. ఎదిగే పిల్లాడు కదా, ఒరుసుకుంటుందని..."

"ఎదగాలంటే వాడు ఉండాలి కదా నాన్నా."

మా బావ తల వంచుకుని ఇస్త్రీ చొక్కా అంచు సరిచేసుకున్నాడు. మేనకోడలు ఆయన చేతిలోంచి తాళం తీసుకుని, "నేనే దింపుతాను, ఆఫీసుకి ఆలస్యమైతే అయింది" అని డ్రైవరు సీట్లో కూర్చుంది. నాకు ఆయన మీద జాలేసింది. ఆమె మీద కోపం మాత్రం రాలేదు.

మా బావ తెరిచి ఉన్న వెనక తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆయన వంగి పట్టీ కొస పట్టుకుని లాగాడు. పిల్లవాడు మూలిగాడు. మళ్ళీ లాగాడు. భుజం దగ్గర గిల్లి చూశాడు. వేళ్ళ మధ్యకి ఏమీ రాలేదు. రెండో భుజం దగ్గరా గిల్లాడు. వాడు తాత మొహంలోకి చూస్తూ గుక్కపెట్టి ఏడుపు మొదలుపెట్టాడు. మా బావ చెయ్యి మీట దాకా వెళ్ళింది. అక్కడే ఆగి, వెనక్కి వచ్చింది.

మేనకోడలు అద్దంలో చూస్తూనే ఉంది. దిగి వచ్చి, తాళం మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.

ఆయన తాళం చూసుకోలేదు. మనవడి కళ్ళు తుడుస్తున్నాడు. ఆయన కళ్ళు తుడిచేవాళ్ళు లేరు. "ఏడవరా నాన్నా, ఎంత కావాలంటే అంత ఏడువు" అన్నాడు. "తాత మాత్రం వదలడు."