గొంతు మాయమైన సీడీ ప్లేయర్

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగి, పుచ్చకాయ ముక్కల బండినీ, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చేతుల్లో కుక్కేవాళ్లనీ తప్పించుకుంటూ నడుస్తుంటే, ఫోన్లు బాగుచేసే ఇరుకు కొట్టులోంచి సోల్డరింగ్ పొగ వాసన వచ్చింది. గుగ్గిలం కాలినట్టుండే ఆ వాసనకి అందరూ ముక్కు మూసుకుంటారు. నేనేమో అక్కడే ఆగి పిచ్చిదానిలా రెండుమూడుసార్లు గట్టిగా పీల్చాను. ఫోను పాడైందా మేడమ్ అని లోపలి మనిషి అడిగేదాకా సోయి లేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మేం ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మాది తెనాలి, ఇంటివాళ్లది నల్గొండ పక్క పల్లె. గోడ మీదుగా మా గోంగూర పచ్చడి అటు, వాళ్ల సర్వపిండి ఇటు ప్రయాణం చేసేవి. ఎండాకాలం మేడమీద పాత చీర పరిచి అమ్మ గుమ్మడి వడియాలు పెడితే, ఆ వరసల మధ్య నేను అయిపోయిన పెన్సిల్ సెల్లులు ఎండబెట్టేదాన్ని. ఎండకి వాటిలో ఇంకో రెండు పాటలకి సరిపడా ప్రాణం వస్తుందని నా నమ్మకం. వడియాలు వేయించేటప్పుడు సెల్లు కూడా వేయిస్తానేమోనని అమ్మ సణిగేది.

సెల్లులన్నీ మామ్మ సీడీ ప్లేయర్‌కే. మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మకి, అప్పటికే చెవులు మందగించాయి. టీవీ పెద్దగా పెడితే ఇంటిల్లిపాదికీ తలనొప్పని నాన్న ఆవిడకి చేతిలో పట్టే సీడీ ప్లేయర్, ఒక గాయని పాడిన వేంకటేశ్వరస్వామి పాటల సీడీ తెచ్చిచ్చారు. దానితో వచ్చిన బొత్తాల్లాంటి ఇయర్‌ఫోన్లు ఆవిడ చెవుల్లో నిలిచేవి కావు, శబ్దమూ పీలగా ఉండేది. నాకా, స్క్రూడ్రైవర్ దొరికితే ఊరుకోలేని రోగం. ఇంటావిడ తమ్ముడు యాదగిరి అన్నకి దిల్‌సుఖ్‌నగర్ సందులో రేడియో, టీవీ రిపేరు కొట్టుంది. సెలవులన్నీ అక్కడ స్టూలెక్కి కూర్చుని నేర్చుకున్నది వేలెడంత, పొగరు మాత్రం బారెడు.

అమ్మానాన్నలకి చెప్పకుండా ప్లేయర్ విప్పాను. బియ్యపుగింజంత కెపాసిటర్లు రెండు పీకి, శబ్దం నిండుగా రావాలని పెద్దవి పెట్టాను. మెత్తటి గిన్నెల్లాంటి పాత కంప్యూటర్ హెడ్‌ఫోన్‌కి కొత్త పిన్ను అతికించాను. ఆ పిన్నులోకి మూడు సన్న తీగలు వెళ్లాలి: కుడి చెవిది, ఎడమ చెవిది, రెండింటికీ ఉమ్మడిది. అతికించేముందు వాటి మీది పూత గీకాలి. ఈలోగా మామ్మ తలస్నానం చేసి, అయిందా అంటూ వచ్చి నా నెత్తిన కూర్చుంటే హడావిడిగా ముగించాను.

ఆవిడ మడి మనిషి. తను నోట పెట్టేది ఎంగిలి కాకూడదన్నట్టే, చెవిన పెట్టేది కూడా ఇంకొకరి చెవిని తాకకూడదని ఆవిడ సొంత శాస్త్రం. ఒకసారి విని చూస్తానన్నా వినలేదు. హెడ్‌ఫోన్‌కి ఇంత కుంకుమ పెట్టి, నా చేతిలోంచి లాక్కుని తగిలించుకుంది. కాసేపు కళ్లు మూసుకుంది. ఆ తర్వాత, మేమెప్పుడూ విననిది, గొంతెత్తి పాడింది.

పది రోజులు పాడింది. పప్పు రుబ్బుతూ పాడింది, తులసికోట దగ్గర పాడింది. అమ్మ పొయ్యి తగ్గించి మరీ వినేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడేవారు. ఆహా, ఇదంతా నా కెపాసిటర్ల మహిమే అని నేను కాలనీ అంతా చెప్పుకు తిరిగాను.

పదకొండో రోజున మామ్మ హెడ్‌ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఇక నువ్వే వాడుకోవే అంది. ఎందుకని పట్టుబట్టి అడిగాను. ఆఖరికి నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది.

"మనిషి గొంతు నా చెవులకి అందట్లేదే. ఫిడేలు వినిపిస్తోంది, వేణువు వినిపిస్తోంది, పాడే మనిషే లేదు. మాటలన్నా మర్చిపోకుండా ఉందామని పాడుకుంటున్నా. రేపు మీరు పిలిచినా ఇంతేగా."

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ఫిడేలుంది, వేణువుంది. గాయని లేదు!

ఒక్క పరుగున యాదగిరి అన్న దగ్గరికి పోయాను. అన్న ఒక చెవి, రెండో చెవి మార్చి విని, పిన్ను విప్పి, ఫక్కున నవ్వాడు.

"ఉమ్మడి తీగకు పూత గీకలేదు బిడ్డా, టంకం అంటుకోలే. గా తీగ లేకుంటే రెండు దిక్కుల ఒక్క తీరుగ ఒచ్చే గొంతు ఒకదాన్నొకటి కొట్టుకొని పోతది. పక్కలకున్న వాయిద్యాలే ఇనొస్తయ్. మీ అవ్వ చెవులకు ఏం కాలే."

నాకు ఏడుపొక్కటే తక్కువ. అన్న పూత గీకి అతికించి, తనే ఇంటికొచ్చి మామ్మకి ఇచ్చాడు. నా చెవులకీ, అన్న చెవులకీ తగిలిన దాన్ని ఆవిడ మారుమాట లేకుండా పెట్టుకుంది. గాయని గొంతు వినగానే చేతులు జోడించి, "పాడుతోందే తల్లీ" అంటూ గట్టిగా ఏడ్చేసింది. నన్ను తిడుతుందనుకుంటే దగ్గరికి లాక్కుని నెత్తి నిమిరింది. ఆ తర్వాత మా పిలుపులు వినిపించవేమోనన్న భయం పోయింది, కానీ పాడటం మానేసింది. సీడీలో ఆ గాయని అంత బాగా పాడుతుంటే మధ్యలో నేనెందుకే అనేది.

ఇప్పుడు మామ్మ లేదు. ఆ సందులో రేడియోలు బాగుచేసేవాళ్లు లేరు, మా కిరాయి ఇంటి చోట అపార్టుమెంటు లేచింది, చెవిలో పెట్టుకునేవాటికి అసలు తీగలే లేవు. మామ్మ గొంతు ఏ సీడీలోనూ, ఏ ఫోనులోనూ లేదు. అయినా ఆ పది రోజుల పాట మా ఇంట్లో అందరికీ వచ్చు. ఆ ఒక్క తీగ సరిగ్గా అతికి ఉంటే, మా మామ్మ పాడగలదని మాకెవరికీ తెలిసేదే కాదు.