కూర్చుని చేసే ఉద్యోగం

ఆమెను ఇంట్లో పిట్ట అనేవారు. పుట్టినప్పుడు పిడికెడంత ఉండేదట. పెరిగాక కూడా ఒంటికి కండ పట్టలేదు గానీ, ఆ పేరు మాత్రం పట్టుకుని వదల్లేదు. తండ్రి లేడు. తల్లి ఒక దర్జీ దుకాణంలో రోజంతా బల్ల ముందు నిలబడే కాజాలు తీసి గుండీలు కుట్టేది. అన్న మందుల షాపులో పని చేసేవాడు. "నువ్వు కూడా ఎక్కడో ఒకచోట కుదురుకుంటే అమ్మ కళ్ళు మిగుల్తాయే" అని చెల్లెలితో తరచూ అనేవాడు.

కుదురుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి ఇంటర్వ్యూ ఒక ఆసుపత్రి రిసెప్షన్లో ఉద్యోగానికి. అద్దాల గదిలో ముగ్గురు కూర్చుని "మీ గురించి చెప్పండి" అన్నారు. ముందు రోజంతా అద్దం ముందు నిలబడి వల్లించిన మాటలు "నమస్కారమండీ" దగ్గరే ఆగిపోయాయి. ఒకావిడ జాలిపడి నీళ్ళగ్లాసు ముందుకు జరిపింది. పిట్ట ఆ నీళ్ళు తాగి, "వస్తానండీ" అని లేచి వచ్చేసింది. రెండో ఇంటర్వ్యూ బట్టల షోరూములో. అక్కడ నవ్వమన్నారు. నవ్వింది. "ఇంకాస్త" అన్నారు. దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వాక, "ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ ఫోన్ రానేలేదు.

ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక శిక్షణ కేంద్రంలో చేరింది. పెద్ద భవనాలు కట్టేచోట ఆకాశంలోకి లేచి ఉంటాయే, ఆ టవర్ క్రేన్లు నడపడం నేర్పే చోటు అది. అక్కడ ఎవరూ నవ్వమనలేదు. ఎవరూ నీ గురించి చెప్పమనలేదు. రెండు చేతుల కింద రెండు లీవర్లు, ఎదురుగా అద్దం, కింద కొక్కేనికి వేలాడే బరువు. మనుషుల ముందు వణికే చేతులు లీవర్ల మీద కుదురుగా ఉన్నాయి. అది ఆమెకే ఆశ్చర్యం.

"ఏం నేర్చుకుంటున్నావే?" అని తల్లి అడిగితే "మిషన్లు నడపడం" అంది. తల్లి కుట్టుమిషన్లనుకుంది. పిట్ట కాదనలేదు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక, ఒక పెద్ద భవనం కడుతున్న సైటు నుంచి పిలుపొచ్చింది. బయల్దేరుతుంటే తల్లి గుమ్మం దాకా వచ్చి, "ఉద్యోగం ఎలాంటిదే?" అని అడిగింది.

"కూర్చుని చేసేదేనమ్మా."

"హమ్మయ్య. నిలబడీ నిలబడీ నాకు మోకాళ్ళు పోయాయి. నీకైనా ఆ బాధ లేదు."

సైటు ఆఫీసు ఒక ఇనుప డబ్బాలాంటి గది. గోడలకు నక్షలు, మూలన బురద బూట్ల గుట్ట. మేనేజర్ ఆమె కాగితాలు చూసి, ఆమెను చూసి, మళ్ళీ కాగితాలు చూశాడు.

"నువ్వేనా? అన్నకో తమ్ముడికో తోడొచ్చావనుకున్నాను."

"నేనేనండీ."

"ఎన్నో అడుగుతాం, మీరు ఎన్నో చెప్తారు. మాటలు కోటలు దాటతాయి. పైకెక్కి చూపించు, చాలు. పెద్దాయన నీ వెనక ఉంటాడు. నోరు మెదపడు. నేను మెదపొద్దన్నాను."

పెద్దాయనంటే ఆ క్రేన్ ఆపరేటర్. నెరిసిన మీసం, ఎండకు కమిలిన మెడ. ఆయన హెల్మెట్ ఒకటి పిట్ట చేతిలో పెట్టి, మాట్లాడకుండా ముందు నడిచాడు.

ఇనుప చట్రం లోపలి నిచ్చెన మెట్టు మీద మెట్టుగా పైకి పోతూనే ఉంది. మధ్యమధ్య నిలబడడానికి చిన్న చిన్న అరుగుల్లాంటి పలకలున్నాయి. మొదటి పలక దగ్గర ఆమె కిందికి చూసింది. రెండో పలక నుంచి చూడడం మానేసింది. శిక్షణ కేంద్రంలోని క్రేన్ దీని మోకాలంత కూడా ఉండదు. చేతి తొడుగుల లోపల వేళ్ళు తడిసిపోయాయి. గాలి పెద్దగా లేదు. అయినా చట్రమంతా మెల్లగా కదులుతున్నట్టు అనిపించింది. అనిపించడం కాదు, నిజంగానే కదులుతుందని ఆమెకు తెలుసు. కదలాలని పాఠంలోనే ఉంది. పాఠం వేరు, అరికాళ్ళు వేరు.

క్యాబిన్లో సీటు ఒకటే. పిట్ట కూర్చుంది. పెద్దాయన వెనక ఇరుక్కుని నిలబడ్డాడు. ముందున్న అద్దంలో ఆయన నీడ కనబడుతోంది. పక్కనే ఎర్ర బటన్. అది నొక్కితే క్రేన్ అంతా ఆగిపోతుంది. ఆయన అది నొక్కితే ఈ ఉద్యోగం కూడా అక్కడితో ఆగిపోయినట్టే.

వాకీటాకీలో ఒక ఆడ గొంతు పలికింది. "పైనున్న చెల్లీ, వినబడుతోందా? కింద సిగ్నల్ ఇచ్చేది నేను. నా మాట తప్ప ఇంకెవరి మాటా వినకు."

"సరే అక్కా."

ఇనుప ఊచల కట్ట ఒకటి కొక్కేనికి తగిలించారు. దాన్ని లేపి, పక్కకు తిప్పి, పై అంతస్తులో దించాలి. కట్ట లేచింది. "మెల్లగా... మెల్లగా... బాగుంది" అంది సిగ్నల్ అక్క. ఆ "బాగుంది" విన్న క్షణంలో పిట్టకు ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు తొందర కూడా వచ్చింది. క్రేన్ చెయ్యి పై అంతస్తు మీదికి రాగానే లీవర్ గబుక్కున వదిలేసింది.

క్రేన్ ఆగింది. ఊచల కట్ట ఆగలేదు. వచ్చిన ఊపులో ముందుకు పోయింది.

భయంతో ఆమె లీవర్ వెనక్కి లాగింది. చెయ్యకూడని పని అదే. కట్ట వెనక్కి వచ్చి, ఈసారి మరింత వేగంగా ముందుకు ఊగింది. ఆ అంతస్తులో పనివాళ్ళు చెదిరి పరిగెత్తారు. ఒకడు మాత్రం కదల్లేదు. అటు తిరిగి కూర్చుని గ్రైండర్‌తో ఊచలు కోస్తున్నాడు. నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. ఆ చప్పుడులో అతనికి ఇంకేదీ వినబడదు.

పిట్టకు పై ప్రాణాలు పైనే పోయాయి. హారన్ మీద చెయ్యి వేసి అలాగే నొక్కి పట్టింది. అతను తల తిప్పలేదు. అద్దంలో పెద్దాయన చెయ్యి ఎర్ర బటన్ మీదికి వెళ్ళడం కనబడింది. కట్ట మళ్ళీ వెనక్కి వస్తోంది. తిరిగి ముందుకు పోతే ఆ మనిషి తల మీదుగానే పోతుంది.

ఊగేదాన్ని లాగకూడదు, దాని వెంట వెళ్ళాలి. శిక్షణలో ఎన్నిసార్లో విన్న మాట. చేతులకు ఇప్పుడు గుర్తొచ్చింది. కట్ట వెనక్కి వస్తుంటే ఆమె లీవర్ కూడా అటే తోసింది, కొక్కెం కట్టకు సరిగ్గా నెత్తిన ఉండేలా. ఆ చివరన ఊపు సగం చచ్చింది. మిగిలిన సగంతో కట్ట మళ్ళీ ముందుకు కదిలింది. కట్ట దిగే చోటు చూడడానికి ఆ అంతస్తు చివరే నిలబడ్డ సిగ్నల్ అక్క అప్పటికి పరిగెత్తుకొచ్చి గ్రైండర్ మనిషిని భుజం పట్టి పక్కకు ఈడ్చింది. అతను వెల్లకిలా పడ్డాడు. అతను కూర్చున్న చోటి మీదుగా కట్ట నెమ్మదిగా వెళ్ళి, నెమ్మదిగా తిరిగొచ్చి, కాస్త తడబడి నిలిచిపోయింది.

కాసేపటికి వాకీటాకీలో రొప్పుతూ గొంతు వచ్చింది. "చెల్లీ, ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"సరే. ఇప్పుడు దించు. నా చెయ్యి చూడు. తొందరేం లేదు."

దించింది. కొక్కెం విడిపించారు. పెద్దాయన చెయ్యి బటన్ మీద నుంచి తీసి మీసం తుడుచుకున్నాడు.

కింద ఇనుప గదిలో మేనేజర్ ఆమె కాగితాలు మళ్ళీ ముందు పెట్టుకున్నాడు. "పైన ఉన్నట్టుండి గాలి వీచిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఆయన ఎందుకు అడిగాడో పిట్టకు ఈనాటికీ తెలియదు. ఆమెను గట్టెక్కించడానికో, సైటులో జరిగింది తన మీదికి రాకుండానో. అవునంటే సరిపోయేది. పెద్దాయన నేల చూస్తున్నాడు.

"గాలి లేదు సార్. లీవర్ ఒక్కసారిగా వదిలేశాను. ఊగింది. భయమేసి వెనక్కి లాగాను. ఇంకా ఊగింది."

"భయమేసిందా?"

"వేసింది సార్."

"భయపడేవాళ్ళు ఈ పనికెందుకు?"

ఆయన కాగితాలు తిరిగి ఇచ్చేసి, "కబురు చేస్తాం" అన్నాడు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు.

గేటు దగ్గర పెద్దాయన వెనకాలే వచ్చాడు. అప్పటిదాకా ఆయన గొంతు ఎలా ఉంటుందో ఆమె వినలేదు.

"బటన్ మీద చెయ్యి వేశాను. చూశావా?"

"చూశాను పెద్దనాన్నా."

"నొక్కితే ఇంకా ఊగేది. అందుకని నొక్కలేదు. నువ్వేదో పొడిచేస్తున్నావని కాదు." ఒక క్షణం ఆగి, "నేను మొదటిసారి ఊపినప్పుడు తప్పు గాలి మీదికి నెట్టాను. ఇంటికెళ్ళి నీళ్ళు తాగు. పాలిపోయావు" అన్నాడు.

వారం గడిచీ గడవకముందే కబురొచ్చింది. ఉద్యోగం ఉంది, కానీ క్యాబిన్లో కాదు, నేల మీద. సిగ్నల్ అక్క కింద చేరి బరువులకు తాళ్ళు కట్టాలి, కొక్కెం తగిలించాలి, అక్క చెప్పినప్పుడు చెయ్యి ఊపాలి. పైకి ఎప్పుడు పంపేదీ తర్వాత చూస్తారట. అమ్మకు చెప్పొద్దని సంగతంతా చెబితే, "చావు తప్పి కన్ను లొట్టపోయినట్టుంది" అన్నాడు అన్న. సర్టిఫికెట్ పెట్టెలో పెట్టి పిట్ట చేరిపోయింది.

మొదటి రోజే గ్రైండర్ మనిషి ఎదురుపడ్డాడు. మోచేతికి ఇంకా పట్టీ ఉంది.

"ఆ రోజు నా నెత్తి మీదికి ఇనుము తెచ్చింది నువ్వేనా?"

"నేనే బాబాయ్."

అతను ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. తిడతాడని ఆమె ఎదురు చూసింది. తిట్టాడు కూడా. తనివితీరా, ఆగి ఊపిరి తీసుకుని మరీ తిట్టాడు. పిట్ట తల వంచుకుని విన్నది. తిట్లు అయ్యాక అతను, "నా ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. అది గుర్తుపెట్టుకుని ముళ్ళు వెయ్యి" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అతని బరువులన్నీ ఆమె చేతే కట్టించాడు. కట్టాక ప్రతి ముడీ తను ఒకసారి లాగి చూసేవాడు. లాగి చూడడం ఎప్పటికీ మానలేదు.

వేలాడే బరువు కింది నుంచి ఎలా ఉంటుందో పిట్టకు అక్కడ తెలిసింది. పైనుంచి చూస్తే అగ్గిపెట్టెంత. కింద నిలబడితే ఆకాశాన్ని మూసేస్తుంది. తల మీదుగా పోయే ప్రతిసారీ మాటలు ఆగిపోతాయి, మెడలు పైకి లేస్తాయి. పైనున్న మనిషి ముఖం ఎవరికీ కనబడదు. అయినా అందరూ అతన్ని నమ్మి కింద పని చేస్తుంటారు.

ఒక సాయంత్రం తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. అరచేతి గీతల్లో తుప్పు దిగి ఉంది. చూపుడువేలు గోరు నల్లబడి ఉంది.

"కూర్చుని చేసే ఉద్యోగంలో చేతులకి తుప్పెలా అంటిందే?"

ఇక దాచలేక పిట్ట అంతా చెప్పేసింది. ఊగిన ఊచల సంగతితో సహా. తల్లి వింటూ వింటూ సూది పక్కన పెట్టేసింది.

"ఎంత ఎత్తు?"

"మన వీధి చివర నీళ్ళ ట్యాంకుంది కదా. దాని మీద ఇంకో రెండు ట్యాంకులు పెడితే ఎంతో, అంత."

"మిషన్లన్నావు కదే!"

"అదీ మిషనేనమ్మా."

తల్లి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అన్నతో చెప్పించింది, మానెయ్యమని. అన్న చెప్పాడు. పిట్ట మానలేదు. ఎందుకు మానలేదో సరిగ్గా చెప్పలేకపోయింది కూడా. "అక్కడ నేను నేనుగానే ఉంటానన్నయ్యా" అని మాత్రం అంది. మూడో రోజు తల్లి ఏమీ అనకుండా చేతికి రాసుకోమని కొబ్బరినూనె ముందు పెట్టింది.

చలికాలం దాటాక పెద్దాయన ఒకరోజు క్యాబిన్ నుంచి దిగి, "మోకాళ్ళు చెప్పిన మాట వినడం లేదు. పొద్దుట పూట ఆ పిల్లను పంపండి, మధ్యాహ్నం నేనెక్కుతా" అన్నాడు. మేనేజర్ గొణిగాడు. సిగ్నల్ అక్క, "పంపండి సార్, కింద నేనుంటాగా" అంది. అలా పిట్ట పైకి చేరింది.

పైన గొప్పేం లేదు. పని కంటే ఎదురుచూపే ఎక్కువ. మళ్ళీ మళ్ళీ దిగి రాలేరు గనక నీళ్ళు గుటక గుటక లెక్కన తాగాలి. కిందికి చూసీ చూసీ మెడ పట్టేస్తుంది. ఎండాకాలం క్యాబిన్ పొయ్యి. పని సాగితే ఎవరూ పలకరించరు, కాస్త ఆలస్యమైతే అందరికీ ఆమే గుర్తొస్తుంది. ఒకసారి గాలి వేగం హద్దు దాటిందని క్రేన్ ఆపేస్తే, మేనేజర్ వాకీటాకీలో కేకలేశాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, గాలి తగ్గేదాకా ఆ కేకలు వింటూ కూర్చుంది. గాలి తగ్గింది. ఏ ప్రమాదమూ జరగలేదు. ఆపకపోయినా జరిగేది కాదేమో, ఎవరికి తెలుసు? ఆ రోజంతా మేనేజర్ ముఖం మాడ్చుకునే ఉన్నాడు.

బరువు గాల్లోకి లేచిన ప్రతిసారీ ఊచలు ఊగిన నాటి భయం ఆమెను మళ్ళీ పట్టుకునేది. బరువు కిందికి దిగి కొక్కెం విడిపోయాకే అది వదిలేది. ఇది ఎప్పుడు పోతుందని పెద్దాయన్ని అడిగింది. "నాకింకా పోలేదు" అన్నాడాయన.

ఒకరోజు మధ్యాహ్నం కాకముందే తల్లి సైటు గేటు దగ్గరికొచ్చింది, చెప్పాపెట్టకుండా. సిగ్నల్ అక్క ఆమె నెత్తిన హెల్మెట్ పెట్టి, కంచె దగ్గర నిలబెట్టింది. తల్లి పైకి చూడబోయి, సగంలోనే కళ్ళు మూసుకుంది. మళ్ళీ ప్రయత్నించింది. అంత ఎత్తున అద్దాల పెట్టె, అందులో ఒక చుక్క.

"అదేనా?"

"అదేనమ్మా."

"మాట్లాడొచ్చా?"

అక్క ఏ ఆలోచనలో ఉందో, వాకీటాకీ ఆమె చేతికిచ్చింది. ఆ మాట ఒక్క క్యాబిన్‌కే కాదు, సైటులో అందరికీ వినబడుతుందని తల్లికి తెలియదు.

"పిట్టా! తిన్నావా?"

అన్ని అంతస్తుల్లో పని ఒక్క క్షణం ఆగింది. ఎక్కడో ఎవరో పకపకా నవ్వారు. కొక్కేనికి సిమెంటు బస్తాల మోపు వేలాడుతోంది. పిట్ట చూపు దాని మీద నుంచి తిప్పలేదు.

"తిన్నానమ్మా. అక్కకిచ్చెయ్. బరువు గాల్లో ఉంది."

తల్లి నిప్పు పట్టుకున్నట్టు ఉలిక్కిపడి వాకీటాకీని అక్క చేతిలో పెట్టేసింది. ఆ మోపు మెల్లగా దిగి, నేల తాకి, కొక్కెం ఖాళీగా పైకి లేచేదాకా ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.