కాదనగలిగే మాట

నలభై దాటాక డ్రిల్ టీచరు యూనివర్సిటీలో పరిశోధనకు చేరిందని తెలిసి స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు నవ్వాడు. "పరుగు పందేల మీద కూడా పుస్తకాలు రాస్తారా?"

"పరుగెత్తలేనివాళ్ళు చదువుకోవడానికి రాస్తారు మాస్టారూ," అంది ఆమె. మాటకు మాట అప్పజెప్పకుండా ఎవరినీ వదిలే మనిషి కాదు.

ఆమెను పరిశోధన దాకా నడిపించింది ఒక దృశ్యం. ఆరో తరగతిలో బంతి కోసం జుట్లు పట్టుకునే ఆడపిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి వరండా మెట్ల మీద, ఒళ్ళో పుస్తకాల సంచీలు పెట్టుకుని కూర్చునేవారు. ఎందుకని ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "వయసొచ్చింది కదా, సిగ్గు." ఆ జవాబు వినగానే ఆమెకు ఒళ్ళు మండేది.

ఆమె గైడు నెమ్మదైన ప్రొఫెసరు. ఆయన గదిలో ఫైళ్ళు కిటికీని సగం మూసేశాయి. పరిశోధన పత్రం మొత్తం దేన్ని నిరూపించబోతోందో ఒక్క వాక్యంలో రాసి తెమ్మన్నాడు. "అది ప్రతిపాదన వాక్యం. అది గట్టిగా లేకపోతే మిగతా పేజీలన్నీ గాలికి పోతాయి."

ఆమె రాసి తెచ్చింది: ఆటలు ఆడపిల్లల ఆరోగ్యానికి ఎంతో మేలు చేస్తాయి.

ఆయన చదివి కళ్ళజోడు తీశాడు. "దీన్ని కాదనేవాళ్ళు ఎవరైనా ఉన్నారామ్మా?"

"ఎవరుంటారు సార్?"

"మరి ఎవరూ కాదనని మాట నిరూపించడానికి ఇంత శ్రమ దేనికి?"

ఆమెకు అవమానమనిపించింది. ఆ సాయంత్రం అదే వాక్యం అత్తగారికి వినిపించింది. ఆ పెద్దావిడ ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. ఎండగా ఉందంటే కూడా బయటికొచ్చి చూసిగానీ ఒప్పుకోదు. అలాంటి మనిషి చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండా, "ఊఁ, మంచివే," అంది. అత్తగారే ఒప్పుకున్నారంటే ఆ వాక్యంలో ప్రాణం లేదని కోడలికి అర్థమైంది.

రెండోసారి రాసింది: ఆడపిల్లలు ఆట మానరు, మగపిల్లలు వాళ్ళ మైదానం లాక్కుంటారు.

"ఇందులో కోపం ఉంది," అన్నాడు గైడు. "తప్పులేదు. కానీ కోపానికి రుజువు కావాలి. వెళ్ళి చూసి రండి."

ఆమె బళ్ళు తిరగడం మొదలుపెట్టింది. సెలవు పెట్టి, బస్సులెక్కి, గేట్ల దగ్గర బతిమాలుకుని లోపలికి వెళ్ళేది. చివరికి అచ్చంగా ఆడపిల్లలే చదివే ఒక పెద్ద బడికి వెళ్ళింది. ఇంత మైదానం. లాక్కోవడానికి మగపిల్లాడన్నవాడే లేడు. అయినా తొమ్మిదో తరగతి పిల్లలు గోడ నీడన కూర్చుని జడలల్లుకుంటున్నారు. ఆమె వాక్యం అక్కడే కుప్పకూలింది. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా ముసుగు తన్ని పడుకుంది. భర్తకు టైర్ల షాపు. అన్నం తిందువు రమ్మని పిలిచి పిలిచి, "పోనీ ఆ చదువు మానెయ్యి," అన్నాడు. ఆ మాటకు దిగ్గున లేచి కూర్చుంది.

మర్నాడు ఆ పెద్ద బడి వీధిలోనే ఉన్న చిన్న బడికి వెళ్ళింది. అక్కడ మైదానమే లేదు. గదుల మధ్య నాలుగు మంచాల మేర ఖాళీ స్థలం. అందులో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు రొప్పుతూ, అరుచుకుంటూ ఆడుతున్నారు. ఏమిటి సంగతని అడిగితే అక్కడి టీచరు వింతగా చూసింది. "వాళ్ళ ఆటల పీరియడండీ. హాజరు కూడా వేస్తాం." పెద్ద బడికి తిరిగి వెళ్ళి టైమ్‌టేబులు చూపించమంది. ఎనిమిది తర్వాత ఆటల పీరియడు లేదు. దాన్ని లెక్కలకు ఇచ్చేశారు. ఆమె చూసిన మరో రెండు బళ్ళలోనూ, తన సొంత బడిలోనూ అంతే; రోజూ కళ్ళముందున్నా ఇన్నాళ్ళూ తట్టలేదు.

కొత్త వాక్యం ముందు అత్తగారి చెవినే పడింది. పదమూడు దాటిన ఆడపిల్లచేత ఆట మాన్పించేది సిగ్గు కాదు, బడి.

"బడేంటి?" అంది పెద్దావిడ వెంటనే. "మీ ఆడపడుచుచేత నేనే మాన్పించాను. ఎంత బాగా పరిగెత్తేదో తెలుసా? చాలు ఇంట్లో కూర్చోమన్నాను. తప్పేంటంట?"

"తప్పని నేననలేదు అత్తయ్యా."

"మరి రాయి. ఇళ్ళల్లో కూడా మాన్పిస్తారని రాయి."

కోడలు కాగితం తీసుకుని వంటగదిలోనే తిరగరాసింది: ఇంటి కట్టడి ఉన్నమాట నిజమే అయినా, పదమూడు దాటిన ఆడపిల్ల ఆట మానడానికి ముఖ్య కారణం ఆమె సిగ్గు కాదు, టైమ్‌టేబుల్లోంచి ఆమె ఆటను తీసేసిన బడి.

గైడు రెండుసార్లు చదివి, "ఇప్పుడు మీతో పోట్లాడొచ్చు," అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం ఆమె అంతకుముందు చూడలేదు.

తన బడి టైమ్‌టేబులు వాడుకోవడానికి హెడ్మాస్టరు అనుమతి కావాలి. ఆయన వాక్యం చదివి కాగితం బోర్లా పెట్టాడు.

"బడి అంటే నేనేగా టీచరమ్మా?"

"మీరొక్కరే కాదు సార్. ఇంకో మూడు బళ్ళలో కూడా చూశాక రాశాను."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే."

"వాసాలు వంగుంటే ఎవరో ఒకరు చెప్పాలి కదండీ."

అనుమతి రాలేదు. పైగా హెడ్మాస్టరు గైడుకు ఫోన్ చేశాడు. వారం తిరగకుండా గైడు ఆమెను పిలిపించి వాక్యాన్ని కాస్త మెత్తబరుద్దామన్నాడు. "'బడి కూడా ఒక కారణం కావచ్చు' అని రాద్దాం. ఎవరికీ తగలదు."

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. "సార్, తప్పని మీరు చూపించిన ప్రతిసారీ మార్చాను. ఇప్పుడు నా మాట తప్పంటున్నారా, ఇబ్బందంటున్నారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇబ్బందే."

"అయితే మార్చను."

పరిశోధనలోంచి తన బడిని తీసేసి, దాని బదులు మరో ఊళ్ళో ఇంకో బడి వెతుక్కుంది. దానికి ఇంకో ఏడాది పట్టింది. ఈలోగా హెడ్మాస్టరు ఆటల సామాను గది తాళం ఆమె దగ్గర్నుంచి తీసుకున్నాడు. ఆమె ఇంటినుంచి బంతి తెచ్చుకుంది. ఆ ఏడాది ఎన్నోసార్లు మానేద్దామనుకుంది. మానేస్తే లెక్కల మాస్టారు మళ్ళీ నవ్వుతాడని మానలేదు.

మౌఖిక పరీక్షలో ఒక పరీక్షకురాలు ఆ వాక్యం మీదే పట్టుపట్టింది. "ఇంట్లో వద్దన్నాక బడేం చేస్తుంది?"

"ఒకటే వీధి మేడమ్. ఒకటే ఇల్లు. అక్క ఒక బడి, చెల్లెలు ఒక బడి. చిన్న బడిలో అక్క ఆడుతోంది, పెద్ద బడిలో చెల్లెలు కూర్చుంటోంది. ఇల్లు మారలేదు, బడి మారింది."

"అయినా నేను ఒప్పుకోను."

"ఒప్పుకోకండి. ఎందుకో రాయండి, చదువుతాను."

గైడు తలదించుకుని నవ్వు ఆపుకున్నాడు. ఆవిడ తన అభ్యంతరం రాసి మరీ సంతకం పెట్టింది. మిగతా ఇద్దరూ సరేనన్నారు. పట్టా వచ్చింది.

బడిలో టైమ్‌టేబులు మారలేదు. ప్రతి మీటింగులో ఆమె తొమ్మిదో తరగతికి ఆటల పీరియడు అడిగేది. ప్రతిసారీ హెడ్మాస్టరు చూద్దామనేవాడు. ఒకరోజు లెక్కల మాస్టారు రాకపోతే ఆమె ఆ పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్ళింది. ఒకతి కాలు మడతపడి కూలబడింది, ఇంకొకతి బంతిని గోడవతలికి కొట్టింది. హెడ్మాస్టరు వరండాలోకి వచ్చాడు.

"ఇది లెక్కల పీరియడు కదా?"

"అవును సార్," అంది ఆమె. గోడ దూకి బంతి తెచ్చిన పిల్లకు చోటిచ్చి, ఆట మళ్ళీ మొదలుపెట్టించింది. ఆయన కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయాడు.