కుక్కలకు ఆటల పీరియడు

మా సందులో తెల్లవారిందని చెప్పేది ఫిక్రియా టీచరమ్మ ఈల. నేను ఇస్త్రీ కొట్టు తలుపులు తీసి, బల్ల మీద దుప్పటి పరిచేలోపే అది మోగుతుంది. ఆ మోతకు ఆగి ఉన్న కార్ల కింద నుంచి, ఆరేసిన వలల గుట్టల వెనక నుంచి, మూసి ఉన్న కొట్ల మెట్ల మీద నుంచి కుక్కలు ఒళ్ళు విరుచుకుంటూ వస్తాయి. అన్నిటికంటే ఆఖరున కుంటుతూ వచ్చేది ముసలి షావిష్. షావిష్ అంటే జమేదారు. పేరుకు జమేదారే కానీ, అందరికంటే బద్ధకం దానికే.

"ఏమ్మా, ఏమయ్యా, ఇప్పుడా లేవడం? లైనులో నిలబడండి! షావిష్, నీకు వేరే కబురు పంపాలా?"

అరవై దాటిన మనిషి. తలకు బిగించి కట్టిన రుమాలు, కాళ్ళకు తెల్ల బూట్లు, కుడి మోకాలికి పట్టీ. ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరైంది. అలెగ్జాండ్రియాలో పడవలు కట్టే మా పేటలో సగం మంది ఆడవాళ్ళు ఆవిడ ఈలకు పరిగెత్తినవాళ్ళే. ఇప్పటికీ ఆవిడ కనిపిస్తే నడుము నిటారుగా పెట్టి నడుస్తారు.

కుక్కల సంగతి ఎలా మొదలైందని ఒకసారి అడిగాను. ఇస్త్రీ కోసం తెచ్చిన చొక్కాను బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"రిటైరయ్యాక కిటికీ దగ్గర కూర్చోవడమే పనైందయ్యా. చూస్తూ చూస్తూ ఉంటే తెలిసింది. ఇవి చెడ్డవి కావు, వీటికి పని లేదు, అంతే. ఎనిమిదో తరగతి బి సెక్షన్ కూడా ఇంతే. లెక్కల టీచరు నా ఆటల పీరియడు లాక్కున్న రోజే బెంచీలు విరిగేవి. అల్లరి పిల్లని కొడితే ఏమొస్తుంది? పరిగెత్తించాలి."

అయితే ఆ మాట సందు చేత ఒప్పించడానికి ఆవిడకు చాలా కాలం పట్టింది. దానికి కారణం జైతూనా.

జైతూనా నల్ల కుక్క, ఒంటి మీద ఆలివ్ కాయలాంటి నిగనిగ. అప్పటికి ఇంకా పిల్లతనం పోలేదు. మా సందులో కొత్తిమీర కట్ట కోసం ఎవరూ మెట్లు దిగరు. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్టను కిందికి వదులుతారు. అందులో డబ్బులుంటాయి. కొట్టువాడు అవి తీసుకుని సరుకు పెడతాడు. బుట్ట పైకి పోతుంది. కానీ మా ఆడవాళ్ళకు బుట్ట వదిలాక ఎదురింటి బాల్కనీతో మాట కలుస్తుంది. మాట తెగేదాకా బుట్ట అలాగే వేలాడుతుంది. ఆ వేలాడే ఎత్తు తన మూతికి సరిగ్గా అందుతుందని జైతూనా కనిపెట్టింది.

ముందు బన్ను పోయింది. ఆ తర్వాత నాలుగో అంతస్తు హాజ్జా ఇన్షిరా తెప్పించుకున్న మసాలా సాసేజీలు పోయాయి. హాజ్జా మక్కా వెళ్ళొచ్చిన మనిషి, శుభ్రం విషయంలో మహా పట్టుదల. కుక్క నోరు పెట్టిన బుట్టను ఆచారం ప్రకారం ఏడుసార్లు కడిగింది, అందులో ఒకసారి మట్టితో. కడిగిన ప్రతిసారీ బాల్కనీ అంచున బోర్లించి, కింద నడిచేవాళ్ళందరికీ వినపడేలా తిట్టింది. ఆ రోజు నా కొట్టు ముందు మట్టినీళ్ళు కారుతూనే ఉన్నాయి.

సాయంత్రం కాఫీ కొట్టులో మగవాళ్ళు కూర్చున్నారు. అందరికంటే గట్టి గొంతు హాజీ బయూమీది. పడవల తాళ్ళు అమ్ముతాడు, అదే మేడలో రెండో అంతస్తులో కాపురం.

"కుక్కల్ని పట్టే బండికి కబురు చేద్దాం," అన్నాడు. "సందంతా శుభ్రమైపోతుంది."

ఆ బండి ఎక్కిన కుక్క మళ్ళీ కనిపించదని మాకందరికీ తెలుసు. కాఫీ కొట్టు గుమ్మంలో ఆడమనిషి నిలబడటం మా దగ్గర అలవాటు లేదు. ఫిక్రియా టీచరమ్మ వచ్చి నిలబడింది.

"బయూమీ! మీ చెల్లెలు నా దగ్గర చదివిందా లేదా?"

"చదివింది టీచరమ్మా."

"గోడ దూకి పారిపోయేది. బండి ఎక్కించానా? హైజంపులో పెట్టాను. జిల్లా పోటీలకి వెళ్ళొచ్చింది. నాకొక్క అవకాశం ఇవ్వండి. వీటికి పని నేర్పుతాను. ఆ తర్వాత ఒక్క బుట్ట పోయినా, బండి తలుపు నేనే తీస్తాను."

మాటంటే మాటేనా అన్నాడు బయూమీ. మాటే అంది ఆవిడ.

అలా మొదలైంది కుక్కల బడి. పొద్దున్నే సముద్రం ఒడ్డున పరుగు. పరుగయ్యాక పడవలు కట్టేచోటికి. అక్కడ సగం కట్టిన పడవలు పక్కటెముకలు బయటపెట్టుకుని ఉంటాయి. ఆ కొయ్యల మధ్య నుంచి ఇటు దూరి అటు, అటు దూరి ఇటు కుక్కల్ని పరిగెత్తించేది. పాత వలల కింద రొట్టెముక్కలు దాచి "వెతకండి!" అనేది. ముక్కులు ఇసుకలో పెట్టి అవి తవ్వుతుంటే వడ్రంగులు ఉలి పక్కన పెట్టి చూసేవాళ్ళు.

"టీచరమ్మా, మా అల్లుణ్ణి కూడా చేర్చుకుంటారా? పొద్దున లేవడు," అన్నాడొక వడ్రంగి.

"తీసుకురా. కానీ రొట్టె దొరక్కపోతే కరవకూడదని చెప్పు."

అంతటితో ఆగలేదు. పశువుల డాక్టరును బతిమాలి తీసుకొచ్చి సూదులు వేయించింది, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించింది. ఎండలు ముదిరేలోపు గుమ్మం గుమ్మానికీ నీళ్ళగిన్నె పెట్టించడానికి ఇల్లిల్లూ తిరిగింది. "గిన్నె పెడితే మీ గోడ కరిగిపోదు. పెట్టకపోతే దాహం వేసినవాడు మీ బకెట్టులోనే మూతి పెడతాడు. ఏది కావాలి?" అనేది. నా కొట్టు ముందు గిన్నె కూడా అలా వచ్చిందే.

ఒళ్ళు అలిసేలా పరిగెత్తాక కుక్కలు పగలంతా పడుకున్నాయి. మోటారు సైకిళ్ళ వెంట పడటం మానేశాయి. జైతూనా అయితే ముఖం మీద ఈగ వాలినా లేచేది కాదు. బుట్టలు ముక్కు ముందే ఊగుతూ దిగేవి, పైకి పోయేవి. బయూమీ కూడా ఏమీ అనడం మానేశాడు.

వసంతం పండక్కి ఇంకా కొద్ది రోజులుందనగా హాజ్జా ఇన్షిరా గొంతు సందంతా మోగింది.

"నా చేపలు! దొంగముండ నా చేపలు తినేసింది!"

జరిగింది ఇది. చేపల ఖమీస్ బండి తోసుకుంటూ మేడ కింద ఆగాడు. హాజ్జా బుట్టలో డబ్బులు దింపి, ఎర్ర గులివింద చేపలు శుభ్రం చేసి పెట్టమంది. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది. వచ్చి బుట్ట లాగితే ఖాళీ. కిందికి చూస్తే జైతూనా మూతి నాక్కుంటూ కూర్చుని ఉంది. మీసాలకు పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి.

సందు చివర ఖమీస్‌ని పట్టుకుని అడిగారు.

"నా చేత్తో బుట్టలో పెట్టానయ్యా! నా పిల్లల మీద ఒట్టు. తలకాయలు మాత్రం ఆ నల్లదానికి వేశాను. అడిగింది, వేశాను."

"తలకాయలు రుచి చూశాక ఒళ్ళు వదిలేస్తుందా ఏ కుక్కయినా?" అన్నారు జనం. నాకూ అదే నిజమనిపించింది.

టీచరమ్మ అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంది. తిరిగొచ్చేసరికి సందంతా తలో మాటా చెప్పారు. అన్నీ విని నా దగ్గర ఒక తాడుముక్క అడిగింది. ఇస్త్రీ బట్టలు మూట కట్టే తాడు ఇచ్చాను. జైతూనా మెడకు కట్టింది. ముడి వేయడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

"టీచరమ్మా, ఇంకోసారి అడిగి చూడండి," అన్నాను.

"అడగను. మాటిచ్చాను. ఇప్పుడు నేను తప్పితే మిగతా కుక్కల గురించి నా మాట ఎవరు వింటారు?"

సాయంత్రం కాఫీ కొట్టు ముందుకు కుక్కను నడిపించుకొచ్చింది. జైతూనాకు అది మరో ఆట అనిపించినట్టుంది, తోక ఊపుతూనే ఉంది. జనం మూగారు. బాల్కనీలు నిండాయి.

"పిలవండి బండిని," అంది టీచరమ్మ. గొంతు బాగానే ఉంది. ఈలను మాత్రం గుప్పిట్లో నలిపేస్తోంది.

అందరూ బయూమీ వైపు చూశారు. విచిత్రం, అందరికంటే గట్టిగా అరవాల్సిన మనిషి టీ గ్లాసులో చెంచా తిప్పుతున్నాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. ఆయన తిప్పుతూనే ఉన్నాడు.

"ఏంటి హాజీగారూ, నోట్లో ముల్లు గుచ్చుకుందా?" అన్నాడు కాఫీ కొట్టు యజమాని.

బయూమీ ఉలిక్కిపడ్డాడు.

సరిగ్గా అప్పుడే రెండో అంతస్తు బాల్కనీలోకి ఆయన భార్య సనియ్యా వచ్చింది. పొద్దుటి నుంచి వంటింట్లోనే ఉందేమో, కింద గొడవ ఆమెకు తెలియదు.

"ఏమండీ! వస్తూ వస్తూ నాలుగు నిమ్మకాయలు తీసుకురండి. మీరు పంపిన గులివిందలు ఇంకా కాసిని మిగిలాయి, రాత్రికి వేయించి పెడతాను!"

పైనుంచి హాజ్జా ఇన్షిరా మెడ చాచింది. తన బాల్కనీ కిందే బయూమీ బాల్కనీ. తన బుట్ట పక్కనే వాళ్ళ బుట్ట. రెండూ ఒకే బండివాడి దగ్గర కొన్న నీలం బుట్టలు.

ఎవరికో జాలి వేసి దారి చూపించారు. "హాజీగారు కూడా ఖమీస్ దగ్గర కొని ఉంటారులే. పొద్దున అందరూ కొన్నారుగా."

ఔనంటే సరిపోయేది. ఆ మాట ఆయన నోటి దాకా వచ్చిందని నేను చూశాను. ఆయన కుక్క వైపు చూశాడు. టీచరమ్మ వైపు చూడలేకపోయాడు. చెంచా సాసర్లో పెట్టాడు.

"లేదయ్యా. నేను కొనలేదు."

"మరి?"

"మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే పళ్ళెంలో గులివిందలు. 'పొద్దున అడిగితే మర్చిపోతారనుకున్నా, గుర్తుపెట్టుకుని పంపారే,' అంది మా ఆవిడ. ఆ మాట అనేటప్పుడు నవ్వింది. నన్ను చూసి ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఎవరు పంపారో తెలియదు, కానీ కాదనలేకపోయాను. తినేశాను. ఆ తర్వాత కొట్టుకొస్తే ఈ గొడవ విన్నాను."

పైనుంచి సనియ్యా గొంతు: "అంటే మీరు పంపలేదా?"

"లేదే."

"నాకు మధ్యాహ్నమే అనుమానం వచ్చింది! మీరు చేపలు పంపితే అందులో వెల్లుల్లి, జీలకర్ర పొట్లం కూడా ఉంటుందా? ఏనాడైనా ఉందా?"

అంతే, సందు పగలబడి నవ్వింది. వేలాడుతున్న రెండు నీలం బుట్టల్లో ఖమీస్ దగ్గరగా ఉన్నదాంట్లో పెట్టాడు. సనియ్యా ఆ బుట్ట లాక్కుంది. నాలుగో అంతస్తులో హాజ్జా ఇన్షిరాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండూ కలిపి చేసింది.

"నా చేపలు తిని నా మీదే పెత్తనమా బయూమీ? రేపు రెండింతలు రావాలి. నేను కట్టించుకున్న వెల్లుల్లి పొట్లంతో సహా!"

"వస్తాయి హాజ్జా, వస్తాయి."

ఫిక్రియా టీచరమ్మ మోకాలి పట్టీ సర్దుకుంటూ నెమ్మదిగా అరుగు మీద కూర్చుంది. తాడు ముడి విప్పబోతే రాలేదు. బయూమీ వంగి విప్పాడు. తాళ్ళ మనిషి కదా, ముడి ఆయన మాట వింది.

"క్షమించండి టీచరమ్మా."

"క్షమాపణ నాకెందుకు? నా మోకాలు అరుగుతోంది. చివరి చుట్టు నేను పరిగెత్తలేకపోతున్నాను. పొద్దున్నే వచ్చెయ్. షావిష్ వెనకబడకుండా చూసుకో."

"నేనా? పరుగా?"

"డాక్టరు నిన్ను నడవమన్నాడని సనియ్యా ఎప్పుడో చెప్పింది."

మర్నాడు ఈల మోగినప్పుడు బయూమీ వచ్చాడు. పొడుగు జుబ్బాను పైకెత్తి నడుముకు కట్టుకున్నాడు. మొదటి రోజు షావిష్ ఆయన కోసం ఆగాల్సి వచ్చింది. పరుగయ్యాక బయూమీ తన కొట్టులోంచి రంగు తాళ్ళు తెచ్చి, బుట్టలు కలిసిపోకుండా ఒక్కో అంతస్తుకూ ఒక్కో రంగు పంచాడు. నాలుగో అంతస్తుకు ఎరుపు తనే పట్టుకెళ్ళి కట్టాడు.

వసంతం పండుగ రోజు టీచరమ్మకు నిజంగా భయం వేసింది. ఊరు ఊరంతా ఉప్పులో మాగిన చేపలు, ఉల్లికాడలు, రంగు గుడ్లు పట్టుకుని సముద్రం ఒడ్డుకు వస్తుంది. ఆ చేపల వాసన మనుషులనే నిలవనివ్వదు, కుక్కల మాట చెప్పాలా? అందుకని జనం రాకముందే ఆవిడా బయూమీ కలిసి కుక్కల్ని పడవల మధ్య, నీళ్ళ అంచున, మళ్ళీ పడవల మధ్య పరిగెత్తించారు. చివరికి జైతూనా కూడా ఈల విని తల తిప్పి, మళ్ళీ ఇసుకలో వాల్చేసింది.

చాపలు పరుచుకున్నారు. పొట్లాలు విప్పారు. కుక్కలు నిద్రపోతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి ఎండ జరిగి జైతూనా మీదికి వచ్చింది. నిద్రలోనే అది నాలుక బయటపెట్టి రొప్పడం మొదలుపెట్టింది. పక్క చాప మీద కూర్చున్న హాజ్జా ఇన్షిరా చూసింది. కొంగు దగ్గరికి లాక్కుంది. మళ్ళీ చూసింది. ఏదో గొణుక్కుంటూ లేచి, ఇసుకలో గుచ్చిన తన గొడుగును పీకి కాస్త అవతల, కుక్క వైపుకు గుచ్చింది.

సనియ్యా నవ్వు ఆపుకోలేకపోయింది. టీచరమ్మ తల వంచుకుని గుడ్డు పెంకు తీస్తోంది.

"ఏంటలా చూస్తారు? నాకు ఎండ తగులుతోంది, అందుకే జరిపాను," అంది హాజ్జా, నడినెత్తిన ఎండలో కూర్చుని.